పాప ఒళ్ళు కాలుతుండె

ఆ రోజు డేకేర్ యాప్‌లో మా పాప గురించి వచ్చిన ఆఖరి కబురు ఇది: "మధ్యాహ్నం నిద్ర, 1:00 నుంచి 2:30 వరకు. హాయిగా పడుకుంది." పక్కన నవ్వుతున్న చందమామ బొమ్మ. మీటింగ్‌లో కూర్చునే దాని కింద ఒక హార్ట్ నొక్కాను. 3:04కి ఫోన్ వచ్చింది.

"సార్, పాపకి కొంచెం ఫిట్స్ లాగా వచ్చింది. ఒకసారి రాగలరా?"

కొంచెం, లాగా, ఒకసారి. అప్పుడప్పుడూ పుస్తకాల మీద నాలుగు ముక్కలు రాస్తుంటాను కాబట్టి ఎవరు ఏ మాట ఎందుకు వాడారా అని తవ్వుకోవడం నాకొక జబ్బు. ఆ వాక్యంలో ఆ మూడు మాటలూ నా కోసం కాదని, వాళ్ళ కోసమని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. అప్పుడు మాత్రం లిఫ్ట్ కోసం ఆగకుండా ఆరు అంతస్తులూ మెట్ల మీద దిగాను. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ నుంచి నల్లగండ్ల దాకా బండి ఎలా నడిపానో గుర్తు లేదు. గుర్తున్నది ఒకటే, డేకేర్ గేటు దగ్గర సెక్యూరిటీ అతను అలవాటు ప్రకారం రిజిస్టర్ ముందుకు తోస్తే, నేనూ అలవాటు ప్రకారం పేరు, ఫోన్ నంబరు, వచ్చిన టైము రాసి సంతకం పెట్టాను. "వచ్చిన పని" అన్న గడిలో "పికప్" అని రాశాను.

పాప ఆఫీసు గదిలో సోఫా మీద ఉంది. జుట్టంతా తడి. పిలిస్తే కళ్ళు సగం తెరిచి మళ్ళీ మూసేస్తోంది. కింది పెదవి చిట్లి నెత్తురు గడ్డకట్టింది. గుప్పిట్లో ఎవరిదో తాళాల గుత్తి. ఇరవై రెండు నెలల పిల్ల, పదిన్నర కిలోలు. ఎత్తుకుంటే పొయ్యి మీంచి దించిన గిన్నెలా ఉంది ఒళ్ళు.

ఆస్పత్రిలో ఎమర్జెన్సీ డాక్టరు ప్రశ్నలు చాలా మామూలువి. ఫిట్స్ ఎన్ని నిమిషాలు ఉన్నాయి? ఒళ్ళంతా కొట్టుకుందా, ఒకవైపేనా? జ్వరం ఎప్పుడు మొదలైంది? పారాసిటమాల్ ఏమైనా వేశారా? వేస్తే ఎప్పుడు, ఎంత, 120 బాటిలా 250 బాటిలా? మొదటి రెండింటికీ నా దగ్గర జవాబు లేదు. డేకేర్‌కి ఫోన్ చేస్తే వాళ్ళ దగ్గరా లేదు. ఒంటిగంట ప్రాంతంలో "ఏదో సిరప్" వేశారట, వేరే పిల్లవాడి బ్యాగులోది. ఎన్ని ఎమ్మెల్ అంటే "ఒక మూత" అన్నారు. పిల్లల ఇళ్ళలో పారాసిటమాల్ సిరప్ రెండు రకాలు ఉంటుంది, ఐదు ఎమ్మెల్‌కి 120 మిల్లీగ్రాములది, 250 మిల్లీగ్రాములది. ఒక మూత అంటే దేనిలో ఒక మూత అన్నది తెలియకపోతే, పిల్ల ఒంట్లోకి వెళ్ళిన మందు సగమో రెట్టింపో చెప్పలేం. డాక్టరు పెన్ను పక్కన పెట్టి నా వంక చూశాడు.

"పొద్దున మీరేమైనా వేశారా?"

ఇక్కడ నోరు పెగల్లేదు. మా ఆవిడ అప్పుడే ఉరుకుతూ వచ్చింది, జవాబు తనే చెప్పింది. "ఎనిమిదింటికి వేశాం. 250ది, మూడు ఎమ్మెల్."

"డేకేర్ వాళ్ళకి చెప్పారా?"

చెప్పలేదు.

ఈ వ్యాసం డేకేర్ నిర్లక్ష్యం గురించి రాద్దామని మొదలుపెట్టాను. నాలుగుసార్లు మొదలుపెట్టి, ఈ "చెప్పలేదు" దగ్గరికి రాగానే నాలుగుసార్లూ ఆపేశాను. ఇది దాటేసి రాయొచ్చు, ఎవరికీ తెలియదు. కానీ ఇది లేకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది.

పొద్దున ఏడున్నరకి థర్మామీటర్ 100.2 చూపించింది. నాకు రిలీజ్ రోజు. తనకి క్వార్టర్ ఎండ్. మా నాన్నకి డయాలసిస్, అమ్మ ఖమ్మం వదిలి రాలేదు. అత్తగారు అంతకు వారం ముందే తిరిగి వెళ్ళిపోయారు. డేకేర్ నిబంధనల కాగితంలో, మేమిద్దరం సంతకం పెట్టిన కాగితంలో, మందు వెయ్యకుండా ఇరవైనాలుగు గంటలు జ్వరం లేకుండా ఉంటేనే పిల్లని పంపాలని స్పష్టంగా ఉంది. మేం ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం. మూడు ఎమ్మెల్ సిరప్ పడింది. తొమ్మిదింటికి గేటు దగ్గర ఆయమ్మ పాపని అందుకునేటప్పటికి ఒళ్ళు చల్లగానే ఉంది. మా కమ్యూనిటీలో దీనికి పేరు కూడా ఉంది, "డోసేసి దించడం". వాట్సాప్ గ్రూపులో నవ్వుకుంటూ చెప్పుకుంటాం. చెయ్యని వాళ్ళు తక్కువ.

పాపకి వచ్చింది జ్వరంతో వచ్చే ఫిట్స్ అని, ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో నూటికి ఇద్దరు నుంచి ఐదుగురికి ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని, చాలామందిలో ఐదు నిమిషాల లోపే దానంతటదే ఆగిపోతుందని, మెదడుకేమీ కాదని డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. వచ్చినప్పుడు పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, టైము చూసుకోవాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, ఐదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి పరిగెత్తాలి. అంతే. చేతిలో తాళాలు పెట్టడం వల్ల లాభమూ లేదు, నష్టమూ లేదు. పెదవి చిట్లింది మాత్రం పళ్ళ మధ్య చెంచా దూర్చడం వల్ల. మళ్ళీ వచ్చే అవకాశం మూడింట ఒక వంతు ఉందని చెప్పి, ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రే రాసిచ్చాడు. ఇంటికో బాటిల్, బ్యాగులో ఒకటి.

ఇంకో మాట కూడా చెప్పాడు, అది నాకు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. జ్వరం మందు వేళకి వేసినంత మాత్రాన ఫిట్స్ రాకుండా ఆగుతాయని లేదట. అంటే వాళ్ళు పదకొండింటికే ఫోన్ చేసి ఉన్నా, మేం వచ్చి ఇంటికి తీసుకెళ్ళి ఉన్నా, అదే 2:41కి మా మంచం మీద అదే జరిగి ఉండొచ్చు. మరి వాళ్ళ నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టమేంటి? వకీలైతే ఇదే అడుగుతాడు. చిట్లిన పెదవి ఒకటి. లెక్క తెలియని మందు ఒకటి. వాటిని పక్కన పెడితే మిగిలేది, మూడున్నర గంటల పాటు జ్వరంతో ఉన్న పిల్లకి అమ్మా నాన్నా దగ్గర లేకపోవడం. దానికి కొలత ఉందా?

ఆ రాత్రి పాప ఆస్పత్రి మంచం మీద పడుకున్నాక, నేను కారిడార్‌లో నిలబడి ఫోన్‌లోనే మెయిల్ రాశాను. నేను ఆఫీసులో ఇలాంటివి చాలా రాశాను, ప్రొడక్షన్ పడిపోయినప్పుడు వెండర్లకి. టైమ్‌లైన్, వైఫల్యాలు, డిమాండ్లు. అప్పుడే యాప్ నోటిఫికేషన్లు వెనక్కి వెళ్ళి చూశాను. "ఆటలు, 11:00." "లంచ్, పప్పన్నం, మొత్తం తినేసింది, 12:30." "డైపర్ మార్చాం, 12:45." "నిద్ర, 1:00 నుంచి 2:30." ఇవన్నీ నా ఫోన్‌కి చేరిన టైము ఒకటే, 12:07. లంచ్‌కి ఇరవై మూడు నిమిషాల ముందే మా పాప లంచ్ మొత్తం తినేసింది. నిద్రపోకముందే లేచేసింది. ఇలాంటి డాష్‌బోర్డులు కట్టడం నా ఉద్యోగం. ఎర్రగా కనపడితే పైవాళ్ళు ఫోన్ చేస్తారని అంతా ఆకుపచ్చగా పెట్టేసి వెళ్ళిపోవడం మా దగ్గరా ఉంది. అయినా పదినెలలుగా ఆ చందమామలకి హార్టులు కొడుతూనే ఉన్నాను.

మెయిల్ చివర "దీనికి బాధ్యులైన వారిపై తక్షణం చర్య తీసుకోవాలి" అని రాశాను. ఇంటర్నెట్‌లో ఒక స్టార్ రివ్యూ పెట్టాను. అందులో "ఆయాలకి పిల్లల మీద ధ్యాస లేదు" అని రాశాను. ఆయాలని ఎందుకన్నానో చెప్పాలి.

2016లో నవీ ముంబైలో ఒక డేకేర్‌లో పది నెలల పాపని ఆయా కొట్టిన సీసీటీవీ వీడియో దేశమంతా తిరిగింది. అప్పటికి నాకు పెళ్ళి కూడా కాలేదు, అయినా నిద్ర పట్టలేదు. మా పాపని డేకేర్‌లో చేర్చేటప్పుడు నా బుర్రలో రెండే ఉన్నాయి, ఒకటి ఆ వీడియో, రెండోది 'రైలుబడి'. టెట్సుకో కురొయనాగి పుస్తకంలో ఆ హెడ్‌మాస్టరు కొత్తగా వచ్చిన పిల్ల చెప్పేదంతా నాలుగు గంటలు కూర్చుని వింటాడు కదా, అలాంటి చోటు దొరక్కపోతుందా అని పిచ్చి ఆశ. మేం చూసిన ఆరు డేకేర్లలో ఇక్కడే అలమరలో పిల్లల పుస్తకాలున్నాయి. లైవ్ సీసీటీవీ కూడా ఉంది, నిద్ర వేళలో మాత్రం ఆపేస్తారు. సెంటర్ హెడ్ మేడమ్ మాతో నలభై నిమిషాలు చక్కగా మాట్లాడింది. అంతసేపూ పాప వంక ఒక్కసారి కూడా చూడలేదని నాకు ఇప్పుడు గుర్తొస్తోంది. మాట్లాడటం రాని పిల్ల చెప్పేది వినాలంటే చెయ్యి వేసి చూడాలి, ఇంకో దారి లేదు. మొదటి నెలంతా ఆఫీసులో ఒక మానిటర్ మీద కోడ్, ఇంకో మానిటర్ మీద ఆ ఫీడ్. నేను చూసిందల్లా ఆయాల చేతులే. ఆ చేతులు ఎప్పుడు లేస్తాయా అని. ఆఫీసు గదిలో కెమెరా లేదని తట్టనే లేదు.

శుక్రవారం డిశ్చార్జ్ అయ్యాం. సోమవారం బ్యాగు, డిపాజిట్ తెచ్చుకోవడానికి వెళ్ళాను. గొడవ పెట్టుకోవడానికే వెళ్ళాను, నిజానికి. మేడమ్ చాలా మర్యాదగా కూర్చోబెట్టి, "మా వాళ్ళు పాపని ఎంత బాగా చూసుకున్నారో మీరే చూడండి సార్" అని ఫుటేజ్ పెట్టింది. చుట్టూ పిల్లలు ఆడుకుంటున్న చప్పుడు, తెరలో మాత్రం చప్పుడు లేదు.

10:50కి పాప ఆడటం మానేసి చాప మీద పడుకుంది. ఆయమ్మ వచ్చి నుదుటి మీద చెయ్యి వేసింది, తర్వాత మెడ కింద, తర్వాత పొట్ట మీద. ఎత్తుకుని ఆఫీసు గది వైపు వెళ్ళింది. గుమ్మం దగ్గరే నిలబడింది, లోపలికి వెళ్ళలేదు. నిమిషం తర్వాత వెనక్కి వచ్చింది. పాపని భుజం మీద వేసుకుని అటూ ఇటూ తిరిగింది. మిగతా పిల్లలు కొంగు లాగుతుంటే ఒక చేత్తో వాళ్ళని సర్దుతూ తిరిగింది. 12:20కి అన్నం పెట్టబోతే పాప మొహం తిప్పేసింది. 12:50కి మళ్ళీ ఆఫీసు గుమ్మం. ఈసారి చేతులు కదుపుతూ ఏదో చెబుతోంది. మళ్ళీ వెనక్కి. ఒంటిగంటకి ఎవరో సిరప్ బాటిల్ తెచ్చిచ్చారు. 2:41. దాని గురించి రాయను. రెండు నిమిషాల కంటే తక్కువే. తాళాలు పెట్టింది ఆయమ్మే, నడుముకి ఉన్న గుత్తి లాగి గుప్పిట్లో పెట్టింది. చిన్నప్పుడు మా ఊళ్ళో మా నానమ్మా అదే చేసేది. చెంచా తెచ్చింది ఇంకొకరు.

"పదకొండింటికే ఆమె మీకు చెప్పింది కదా" అన్నాను. "మరి ఫోన్ ఎందుకు చెయ్యలేదు?"

మేడమ్ కొంచెంసేపు ఆగింది. తర్వాత తన కంప్యూటర్‌లోంచి ఒక మెయిల్ తీసి స్క్రీన్ నా వైపు తిప్పింది. నా మెయిలే. ఐదు వారాల కిందటిది. అంతకు ముందు వారంలో రెండుసార్లు ఫోన్ చేసి తీసుకెళ్ళమన్నారు, ఒకసారి 99.5కి, ఒకసారి రెండు విరేచనాలకి. రెండుసార్లూ ఇంటికి తీసుకెళ్తే పాప ఎగురుతూ ఆడుకుంది. దాంతో ఒళ్ళు మండి రాశాను. ప్రతి చిన్నదానికీ తల్లిదండ్రుల్ని పని మధ్యలోంచి లాగడం ప్రొఫెషనల్ పద్ధతి కాదని, మేం డబ్బు కడుతున్నదే పని చేసుకోవడానికని, ఇకముందు ఫోన్ చేసే ముందు కాస్త విచక్షణ వాడమని. మంచి ఇంగ్లీషులో, బులెట్ పాయింట్లతో. కింద రీజినల్ మేనేజర్‌ని కూడా కాపీలో పెట్టాను.

"మాకు పైనుంచి మాటొచ్చింది సార్ ఆ మెయిల్ వల్ల" అంది.

నాకు కోపం రాలేదని చెప్పను. 99.5కి ఫోన్ చెయ్యొద్దంటే 102కి కూడా వద్దని కాదు కదా, ఇంకొకరి బ్యాగులో మందు పొయ్యమని కాదు కదా, జరగని లంచ్ రాయమని కాదు కదా. ఇవన్నీ అన్నాను, గొంతు పెంచే అన్నాను. అన్నీ నిజాలే. కానీ అంటున్నంతసేపూ నా కళ్ళు ఆ బులెట్ పాయింట్ల మీదే ఉన్నాయి.

వచ్చేసేముందు ఆయమ్మని ఒకసారి పిలవమన్నాను.

"తీసేశాం సార్. శనివారమే. మీరు యాక్షన్ తీసుకోమన్నారు కదా."

ఒక చిన్న పక్కదారి పడతాను. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి సెలవు 26 వారాలు చేసినప్పుడు, యాభై మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థా క్రెష్ సౌకర్యం కల్పించాలని కూడా చేర్చారు. తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసి రావచ్చని ఉంది. నాలుగుసార్లు! ఆ వాక్యం రాసినవాళ్ళకి పిల్లలున్నారని అనుకుంటాను. ఆఫీసు ఆవరణలోనో నడిచి వెళ్ళే దూరంలోనో ఉంటే ఆ నాలుగుసార్లలో ఒకసారి ఎవరో ఒకరు నుదుటి మీద చెయ్యి వేసేవారు. మా ఆవిడ కంపెనీ ఆ సౌకర్యాన్ని ఎనిమిది కిలోమీటర్ల అవతల ఒక డేకేర్‌తో ఒప్పందం, ఫీజులో ఇరవై శాతం తగ్గింపుగా అనువదించుకుంది. నా కంపెనీకి ఆ బాధ కూడా లేదు, ఆ చట్టంలో చూసి రావచ్చన్నది తల్లి, తండ్రి కాదు. డేకేర్ ఫారంలోనూ మొదటి ఫోన్ నంబరు తనదే. ఆ రోజు తనకి నాలుగుసార్లు చేశారట, తను క్లయింట్ కాల్‌లో ఉండి చూసుకోలేదు. ఐదోసారి నాకు. ఫారం నింపింది నేను. మొదటి గడిలో తన నంబరు రాసేటప్పుడు ఒక్క క్షణం కూడా ఆగలేదు.

సెక్యూరిటీ అతను ఆయమ్మ నంబరు ఇచ్చాడు. రెండు రోజులు ఫోన్ చెయ్యలేకపోయాను. చేస్తే ముందు నేనెవరో అర్థం కాలేదు ఆమెకి, పాప పేరు చెప్తే గొంతు మారింది.

"పాప మంచిగున్నదా సార్?"

బాగుందని చెప్పాను. ఆ రోజు సంగతి అడిగాను. "పదకొండయ్యేసరికి పాప ఒళ్ళు కాలుతుండె సార్. మేడమ్‌కు జెప్పిన. ఫోన్ జేద్దాం మేడమ్ అన్న. ఆ సారు కోప్పడ్తడు, జెర్ర ఆగుదాం అన్నది. మల్ల పోయి జెప్పిన. నేనే జేద్దునేమో గని మా ఫోన్లు పొద్దుగాలనే లాకర్ల పెట్టిపిస్తరు గదా." ఫోన్లు లాకర్లో పెట్టించాలన్నది కూడా తల్లిదండ్రుల మీటింగ్‌లో వచ్చిన డిమాండే. ఆయాలు ఫోన్లు చూస్తూ కూర్చుంటారని. నేను చెయ్యెత్తి సమర్థించాను.

మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకోమని రాస్తానన్నాను. వద్దంది. పక్క గేటెడ్ కమ్యూనిటీలో రెండిళ్ళలో పని దొరికిందట. జీతం కొంచెం తక్కువ, కానీ "ఆడ ఇంతమంది పోరగాండ్లు లేరు, నడుమునొప్పి తక్కువైంది" అంది. నెలాఖరు జీతం ఇంకా ఇవ్వలేదంది, అదొక్కటి అడగగలవా సార్ అంది. సారీ చెప్పాను. ఎందుకో ఆమెకి అర్థం కాలేదు. ఆ రివ్యూ గురించి ఆమెకి తెలియదు.

రివ్యూ దిద్దాను. ఆయాల గురించి రాసిన వాక్యం తీసేసి, జ్వరం సంగతి రెండుసార్లు పైకి చెప్పింది ఆయమ్మేనని రాశాను. డేకేర్‌కి ఇంకో మెయిల్ పెట్టాను, ఆమె జీతం గురించి, ఆమె తప్పు లేదని. ఈసారీ రీజినల్ మేనేజర్‌ని కాపీలో పెట్టాను. జీతం వచ్చిందని ఆమె మెసేజ్ పెట్టింది, పదకొండు రోజుల తర్వాత. మెయిల్‌కి మాత్రం జవాబు రాలేదు.

ఫోన్ పెట్టేసే ముందు ఆయమ్మ ఇంకో మాట చెప్పింది. పాపని కొత్త చోట చేరిస్తే వాళ్ళకి చెప్పమంది. "జోల పాడితె పండుకోదు సార్. కుడి చెవి మెల్లగ వట్టుకుంటె పండుకుంటది."

ఇంటికెళ్ళి అదేదో పెద్ద రహస్యం తెచ్చినట్టు మా ఆవిడకి చెప్పాను. తను బట్టలు మడతపెడుతోంది. తల ఎత్తలేదు.

"చెవి కాదు, చెవి వెనక" అంది.